వరదొచ్చేలోపు సరుకు ఎక్కడ పెట్టాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో తుఫాను హెచ్చరికల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి. హెచ్చరిక వచ్చింది సరే, బియ్యం, టార్పాలిన్లు, మందులు, పడవలు, జనరేటర్లు అప్పటికే ఎక్కడ ఉండాలి, ఎవరి చేతిలో ఉండాలి అని. చాలా అవసరమైన ప్రశ్న ఇది. సాయం ఆలస్యమైందని మనం తిట్టుకునే ప్రతిసారీ సరుకు లేకపోవడం కారణం కాదు, చాలాసార్లు సరుకు ఉంటుంది, కాకపోతే తెగిపోయిన రోడ్డుకి అవతలి పక్క ఉంటుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. గోదావరికి వరదొస్తే కాజ్‌వే మునిగిపోయి నాలుగైదు రోజులు పడవలే దిక్కు. నిత్యావసరాలు ముందే ఊళ్లో పెట్టండి సార్ అని మేం అడుగుతుంటే, మునిగే ఊళ్లో సరుకు పెడితే అదీ మునుగుతుంది, మండల కేంద్రంలోనే ఉంచుతాం అంటున్నారు. ఎవరి మాట కరెక్టండీ?
– ఒక సర్పంచ్, కోనసీమ జిల్లా

జవాబు: సర్పంచ్ గారూ, ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది, కానీ ప్రశ్నని కొంచెం మార్చి అడగాలి. సరుకు ఎంత దగ్గరగా ఉంది అన్నది రెండో సంగతి. కాజ్‌వే మీదకి నీళ్లు ఎక్కిన తర్వాత ఆ సరుకు ఏ ఒడ్డున మిగులుతుంది, మీరు ఏ ఒడ్డున మిగులుతారు అన్నది మొదటి సంగతి. మండల కేంద్రం మీకు పక్కనే కావచ్చు, మధ్యలో పాయ ఉంటే ఆ రోజు అది వేరే జిల్లాతో సమానం.

గోదావరి వరదలో మనకున్న గొప్ప సౌకర్యం టైమ్. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరం దగ్గర ఆ లెక్క 10 లక్షల క్యూసెక్కులు, 13 లక్షలు, 17 లక్షలు. భద్రాచలంలో పెరిగిన నీళ్లు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. అంటే పైన హెచ్చరిక ఇచ్చినప్పుడు మీ కాజ్‌వే ఇంకా పొడిగానే ఉంటుంది, లారీ ఊళ్లోకి రాగలదు. ఆ కొన్ని గంటలు ఫోన్లు చేసుకోవడానికి, ఇండెంట్లు రాసుకోవడానికి పోతే ఇక పడవ మీద ఒక్కో బస్తా మోసుకోవడమే.

కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది ఇలా. ఊళ్లో ఎప్పుడూ ఉండాల్సినవి బరువు తక్కువ, చెడిపోవడం తక్కువ, మొదటి రెండు రోజుల్లో ప్రాణం నిలిపేవి: క్లోరిన్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పాకెట్లు, ఫస్ట్ ఎయిడ్, టార్పాలిన్లు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, టార్చిలైట్లు. ఇవి ఒక గదిలో పట్టేస్తాయి. బియ్యం, పప్పు, నూనె లాంటివి ఊళ్లో ఏడాదంతా నిల్వ పెట్టమని అడగొద్దు, ఎలుకలకీ పురుగులకీ పోతాయి. వాటికి వేరే దారి ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా లంక గ్రామాల రేషన్‌ని నెల మొదలవకముందే డీలర్‌కి చేర్చమని రాతపూర్వకంగా అడగండి. అది ఎలాగూ జనం తినే బియ్యమే, ఓ పదిహేను రోజులు ముందొస్తుంది, అంతే. కొత్త ఖర్చు పెద్దగా లేదు, పాడయ్యేదీ లేదు, వరదొస్తే మాత్రం ఊరికి నెల బియ్యం ఊళ్లోనే ఉంటుంది. నా లెక్కలో కొత్త గోదాం కట్టడం కన్నా ఇది మంచి పని.

ఊళ్లో ఆ గది ఎక్కడ అన్నది మీరే తేల్చాలి, ఆఫీసులో కూర్చుని ఎవరూ తేల్చలేరు. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది, 2022 జులైలో 71.3కి. ఆ రెండుసార్లూ మీ ఊళ్లో నీళ్లు ఎంతవరకూ వచ్చాయో పెద్దవాళ్లకి గుర్తుంటుంది, కొన్ని గోడల మీద చారలు కూడా ఉండొచ్చు. 2022 గుర్తుని చూసి ఆగిపోకండి, 1986 గుర్తు కంటే పైన ఉన్న అంతస్తే ఎంచుకోండి. ఇంకో మాట, పడవలన్నీ అవతలి రేవులోనే కట్టేస్తే రాత్రిపూట వరద పెరిగితే మీ దగ్గర ఒక్కటీ ఉండదు. కనీసం ఒకటి, దాన్ని నడిపేవాడితో సహా, లంక వైపు ఉండేలా మాట్లాడుకోండి. గర్భిణులు, డయాలసిస్ చేయించుకునేవాళ్ల విషయంలో మాత్రం సరుకు గురించి ఆలోచించొద్దు, మొదటి హెచ్చరికకే వాళ్లని ఒడ్డు దాటించెయ్యాలి.

ప్రశ్న: మా సముద్రతీర గ్రామంలో తుఫాను షెల్టర్ ఉంది. అందులోనే సరుకు నిల్వ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నాగాయలంక

జవాబు: పై అంతస్తులో ఒక గది కేటాయిస్తే పెట్టొచ్చు. కింద మాత్రం ఏమీ పెట్టకండి. చాలా షెల్టర్లు స్తంభాల మీద కట్టి కింద ఖాళీగా వదిలేది ఉప్పెన నీళ్లు అడ్డులేకుండా వెళ్లిపోవడానికే. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఖాళీ జాగాని గోడలు కట్టి మూసేసి గోదాంగా మారిస్తే బిల్డింగ్‌కే ప్రమాదం తెచ్చినట్టు. గదిలో కూడా ఎరువుల బస్తాలు, ఎన్నికల సామాను, విరిగిన బెంచీలు చేరిపోకుండా చూసుకోండి, తుఫాను రోజున ఆ గదిలో కాళ్లు చాపుకునే చోటు కూడా మనుషులకి కావాలి.

ప్రశ్న: ఇంజనీరింగ్ ఫైనలియర్. మా ప్రాజెక్ట్ 'విపత్తు సహాయ గోదాములు ఎక్కడ ఉండాలి' అన్నదాని మీద. పీ-మీడియన్ మోడల్ వాడమని మా గైడ్ చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబు చూస్తే గోదాములన్నీ హైవే పక్కన పెద్ద ఊళ్లలోనే వస్తున్నాయి. ఇది కరెక్టేనా? పెద్ద పెద్ద సంస్థలు ఎలా చేస్తాయి?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: నీకు అనుమానం రావడమే మంచి విషయం అమ్మా. పీ-మీడియన్ అనేది 1960ల్లో హకీమి లాంటి పరిశోధకులు రూపం ఇచ్చిన పద్ధతి. ప్రతి ఊరి జనాభాని గోదాంకి ఉన్న దూరంతో హెచ్చవేసి, ఆ మొత్తం అతి తక్కువ అయ్యే చోటు వెతుకుతుంది. పోస్టాఫీసుకో మామూలు సరుకుల పంపిణీకో బాగుంటుంది. జనం ఎక్కువున్న వైపే అది మొగ్గుతుంది, ఎందుకంటే దానికి చెప్పిన పనే అది.

ఒక ఊహా లెక్క చూడు. హైవే మీద ఎనిమిది ఊళ్లు, మొత్తం 40,000 జనం. వాగు అవతల రెండు ఊళ్లు, 3,000 జనం. పీ-మీడియన్ గోదాంని హైవే మీద పెడుతుంది. వరదొచ్చి వాగు పొంగింది. హైవే మీద జనానికి కిరాణా షాపులున్నాయి, చుట్టాలున్నారు, కొంచెం ఆలస్యమైనా ఎలాగో గడుస్తుంది. వాగు అవతలి 3,000 మందికి ఆ గోదాం లేనట్టే. సగటు దూరం చాలా అందంగా కనిపిస్తుంది, కానీ ఆకలితో ఉన్నవాళ్లకి ఏమీ అందదు.

అందుకే ఈ రంగంలో ఇంకో రెండు పద్ధతులు కూడా పక్కన పెట్టుకుంటారు. ఒకటి, 1974లో చర్చ్, రెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించిన కవరింగ్ పద్ధతి: ఇన్ని గంటల్లో ఎంతమందిని అందుకోగలం అన్నది పెంచడం. రెండోది పీ-సెంటర్: అందరికన్నా దూరంగా ఉన్నవాడి దూరాన్ని తగ్గించడం. విపత్తులకి నన్నడిగితే మూడూ నడిపి చూడు, మూడింట్లోనూ వచ్చిన చోట్లు సరే, పీ-సెంటర్‌లో మాత్రమే వచ్చిన చోటుకి నువ్వే బండి మీద వెళ్లి చూసిరా, అసలు కథ అక్కడ ఉంటుంది.

అంతకన్నా ముఖ్యం, నీ మోడల్‌లో రోడ్లు తెగాలి. చాలా ప్రాజెక్టుల్లో దూరాలు మామూలు రోజు గూగుల్ మ్యాప్‌లోవి తీసుకుంటారు, తుఫాను రోజున ఆ దూరాలు ఉండవు. పాత ఘటనలు మూడు తీసుకో, ఉదాహరణకి మీ జిల్లాకి సంబంధించిన ఒక గోదావరి వరద, ఒక తుఫాను, ఒక ఏలేరు వరద. ఒక్కోదానికి ఒక్కో రంగు పెన్సిల్‌తో మండల మ్యాప్ మీద ఏ రోడ్డు, ఏ వంతెన, ఏ గోదాం పనిచెయ్యలేదో కొట్టెయ్. పాత పేపర్లలో, ఆర్ అండ్ బీ ఆఫీసులో ఈ వివరాలు దొరుకుతాయి. మూడు రంగులు వేశాక కూడా ఏ ఊరి నుంచైనా కనీసం ఒక గోదాంకి దారి మిగలాలి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సినారియో అంటారు, కానీ పెన్సిల్‌తో చేసినా జవాబు చాలావరకు బయటపడుతుంది, వైవాలో చూపించడానికి కూడా అదే బాగుంటుంది.

పెద్ద సంస్థల సంగతి. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే సహాయ డిపోలు ఇటలీలో బ్రిండిసి, దుబాయ్, ఘనాలో అక్రా, పనామా, మలేసియాలో కౌలాలంపూర్ దగ్గర, స్పెయిన్ వాళ్ల లాస్ పాల్మాస్‌లో ఉన్నాయి. ఈ పేర్లలో భూకంపాలకో తుఫాన్లకో పేరుమోసిన చోట్లు పెద్దగా లేవు చూడు. పోర్టు, ఎయిర్‌పోర్టు పక్కపక్కనే ఉండాలి, కస్టమ్స్ త్వరగా వదలాలి, అక్కడే విపత్తు వచ్చే అవకాశం తక్కువుండాలి, ఇవే వాళ్ల కొలతలు. కానీ ఆ డిపోలు ఎంత బాగున్నా చివరి అంచె లేకపోతే పని జరగదు. నేపాల్‌లో ఆ సంగతి ముందే గమనించి, ఖాట్మండు ఎయిర్‌పోర్టులో సహాయ సామగ్రిని దింపి, సర్ది, పంపడానికి ఒక స్థలాన్ని 2015 మార్చి చివర్లో సిద్ధం చేశారు. ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. అప్పటికి ఒకే ఒక్క అంతర్జాతీయ రన్‌వే ఉన్న దేశంలో ఆ స్థలం లేకపోయుంటే వచ్చిన సరుకంతా విమానాల పక్కనే పేరుకుపోయేది. నీ రిపోర్టులో ఈ ఉదాహరణ తప్పకుండా పెట్టు.

ప్రశ్న: హుద్‌హుద్ తుఫాను అప్పుడు మేం వైజాగ్‌లోనే ఉన్నాం. అంత పెద్ద సిటీ, పోర్టు, నేవీ, అన్నీ ఉండి కూడా పాలకీ నీళ్లకీ పెట్రోలుకీ క్యూలు కట్టాం. అలాంటిది మళ్లీ వస్తే ఏ ఊళ్లో స్టాకు పెడితే బాగుంటుంది?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: 2014 అక్టోబరు 12న జరిగింది ఉత్తరాంధ్రకంతటికీ కేంద్రమైన ఊరే దెబ్బతినడం. మామూలుగా శ్రీకాకుళానికో విజయనగరానికో కష్టమొస్తే వైజాగ్ నుంచి పంపుతారు. వైజాగ్‌కే వస్తే? ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పు ఎగిరిపోయింది, కరెంటు లేదు, కరెంటు లేక పంపులు ఆడలేదు, ఫోన్లు మూగబోయాయి. పోర్టు ఉన్నా, నేవీ ఉన్నా మొదటి రెండు మూడు రోజులు జనానికి కావలసింది వీధి చివరికి రాలేకపోయింది.

చాలామంది వెంటనే చెప్పే జవాబు విజయనగరం. నేను ఒప్పుకోను. రెండు ఊళ్ల మధ్య అరవై కిలోమీటర్లే, పెద్ద తుఫాను ఒక్క గాలికే రెంటినీ కొడుతుంది, హుద్‌హుద్ కొట్టింది కూడా. ఒకటి పోతే ఇంకోటి ఆదుకునే జత గోదాం అంటే ఒకే దెబ్బకి రెండూ పోకూడదు. తుఫాను ఒడ్డు దాటి లోపలికి వెళ్లేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి ఒకటి తీరానికి దూరంగా లోపల, రాయపూర్ రోడ్డు మీద సాలూరు లాంటి చోట, ఇంకొకటి తీరం వెంబడే అయినా బాగా దక్షిణంగా రాజమండ్రి వైపు ఉండాలి. వైజాగ్‌కి అటు నుంచీ ఇటు నుంచీ లారీలు బయల్దేరితే కనీసం ఒక దారైనా దొరుకుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఇంకో పాఠం చెప్పింది. అది పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. సముద్రం వైపు నుంచి గాలి, వెనక నుంచి వంశధార వరద. అలాంటి జిల్లాలో తీరానికి దూరంగా పెట్టాం కదా, సేఫ్ అనుకోవడానికి లేదు, ఆ చోటు నది ఏ ఒడ్డున ఉందో కూడా చూసుకోవాలి. జాతీయ రహదారి తీరం వెంబడే పోతుంది కాబట్టి చెట్లు పడితే ఉత్తర దక్షిణాల రాకపోకలు ఆగిపోతాయి, లోపలి నుంచి తీరానికి అడ్డంగా వచ్చే పాతపట్నం, పాలకొండ వైపు రోడ్లే అప్పుడు ప్రాణం.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మొదట కదలాల్సింది బియ్యం లారీ కాదు, చెట్లు కోసే మెషిన్లు. పవర్ రంపాలు, వాటికి పెట్రోలు, జేసీబీలు హైవే పొడవునా పాతిక ముప్పై కిలోమీటర్లకి ఒక చోట, అవి నడిపే మనుషులతో సహా తుఫానుకి ముందురోజే నిలబెట్టాలి. ఒడిశాలో 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్ తర్వాత కట్టిన షెల్టర్లలో జనరేటరు, చెట్టు కోసే మెషిను కూడా ఉంచి, ఊరివాళ్లతోనే కమిటీ వేసి నేర్పించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించగలిగారంటే ఆ తయారీ వెనక ఏళ్ల పని ఉంది. ఫైలిన్, హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే, తిత్లీ 11న. మన తీరానికి సెప్టెంబరు నెలాఖరు కల్లా స్టాకు లెక్క పూర్తయిపోవాలి, అక్టోబరులో టెండర్లు పిలవడం మొదలుపెడితే ఆ ఏడాదికి అయిపోయినట్టే.

ప్రశ్న: బుడమేరు వరదలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ మొత్తం మునిగింది. పైన ఉన్నవాళ్లం రోజుల తరబడి దిగలేకపోయాం, చంటిపిల్లకి పాలు దొరకలేదు. ప్రభుత్వం గోదాం ఎక్కడ పెట్టినా మాకు అందేసరికి ఆలస్యమే. మా స్థాయిలో ఏం చెయ్యొచ్చు?
– ఒక గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు పడ్డది మామూలు కష్టం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో అది గోదావరిలా రోజు ముందు చెప్పి వచ్చిన వరద కాదు, బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి గంటల్లో వీధుల్లోకి వచ్చేసింది. ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పదో బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది, అంటే దూరంలో మీకంటే అదృష్టవంతులు లేరు. అయినా సందుల్లోకి పడవ రావాలి, ప్రతి మెట్ల దగ్గరా ఆగాలి. చివరికి డ్రోన్లతో కూడా ఆహారం పంపారు. ఇలాంటి వరదకి మొదటి గోదాం మీ బిల్డింగే అవ్వాలి, మిగతాదంతా ఆ తర్వాతే.

అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాట పెట్టండి. లిఫ్ట్ రూమ్ పక్కనో టెర్రస్ మీదో ఒక చిన్న గది, సెల్లార్‌లో మాత్రం వద్దు. మనిషికి రోజుకి తాగడానికీ వంటకీ కనీసం మూడు లీటర్లు అనుకుంటే, నలుగురున్న ఇంటికి మూడు రోజులకి 36 లీటర్లు, అంటే రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. ప్రతి ఇల్లూ వర్షాకాలంలో ఆ రెండూ నిండుగా ఉంచుకుంటే చాలు, వాడుకుంటూ నింపుకుంటూ ఉంటే పాతబడవు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మిగిలుంటే వాటిని గుడ్డతో వడగట్టి క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి వాడుకోవచ్చు, ఎన్ని లీటర్లకి ఒక మాత్రో పాకెట్ మీద చూసుకోండి. బీపీ, షుగర్ మందులు వారం రోజులవి ఎప్పుడూ అదనంగా ఉండాలి. పాలపొడి ఉంచుకోండి, కానీ చంటిపిల్లలకి అది కలిపే నీళ్లు మరిగించినవే అయ్యుండాలి, గ్యాస్ సిలిండర్ అయిపోయే స్థితిలో ఉంటే ముందే మార్చుకోండి. చనుపాలు తాగే బిడ్డకైతే అవే క్షేమం, తల్లికి తిండీ నీళ్లూ ముందు పెట్టండి. మోటారు ప్యానల్, మీటర్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే పైకి మార్పించడానికి ఖర్చవుతుంది, అయినా ఆ ఖర్చు పెట్టాల్సిందే, లేకపోతే నీళ్లు దిగాక కూడా కరెంటు రాదు.

ప్రశ్న: చింతూరు మండలంలో టీచర్‌ని. 2022లో రోజుల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉన్నాం. మాకు దగ్గరి ఊరు భద్రాచలం, కానీ అది తెలంగాణ. మా స్టాకు ఎటు నుంచి రావాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎటు నుంచీ రాదనుకునే ప్లాన్ వేసుకోవాలండీ. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నదికి ఎగపోటు తగిలి మీ వైపు నీళ్లు వెనక్కి తన్నుతాయి. కూనవరం, వీఆర్ పురం, చింతూరు ఒక్కోటీ ఒక్కో దీవి అయిపోతుంది. 2022 జులైలో భద్రాచలం వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. కాబట్టి లంక గ్రామాలకి చెప్పినట్టు రెండు మూడు రోజుల సరుకు కాదు, మీకు పది పదిహేను రోజులకి సరిపడా లోపలే ఉండాలి, అదీ ఒక్కచోట కాదు, ఏ మండలానికి ఆ మండలంలో, గుట్ట మీద. ముంపు ఊళ్లవాళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉండాల్సి వస్తుంది కాబట్టి టార్పాలిన్లు, దోమతెరలు, మలేరియా మందులు, పాము కాటు ఇంజెక్షన్లు మీ పీహెచ్‌సీల్లో జూన్‌కల్లా చేరాలి. ఆ ఇంజెక్షన్ నిల్వ ఉంచే పద్ధతి పాకెట్ మీద ఉంటుంది, ఫ్రిజ్ అవసరమైన రకమైతే ఆ ఫ్రిజ్‌కి జనరేటరో సోలారో ఉందో లేదో ముందే అడగండి.

తెలంగాణ వైపు గోదాం నుంచి తీసుకోవడానికి రెండు జిల్లాల కలెక్టర్ల మధ్య వేసవిలోనే ఒక ఒప్పందం రాసుకుంటే సరిపోతుంది. తీసుకున్నదానికి తర్వాత లెక్క కట్టుకోవచ్చు. ముంపులో ఉన్న మనిషికి సరిహద్దుతో పనిలేదు, అధికారులు కూడా అలాగే ఆలోచించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. తుఫాను వచ్చినప్పుడల్లా ఇక్కడ తెలుగువాళ్లం బట్టలు, దుప్పట్లు, మందులు పోగు చేస్తాం. ఈసారి ముందే ఒక కంటైనర్ పంపి మన ఊళ్లో స్టాకు పెట్టిద్దామనుకుంటున్నాం. ఎలా ప్లాన్ చెయ్యాలి?

జవాబు: మీ మనసు గొప్పది, కంటైనర్ మాత్రం వద్దు. 2004 డిసెంబరు సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన వాడిన బట్టల గుట్టలు పడున్నాయి, వాటిని ఎత్తిపోయడానికి మళ్లీ మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. అక్కడి మందుల పేర్లు ఇక్కడి డాక్టర్లకి కొత్త, ఎక్స్‌పైరీ దగ్గరపడినవి ఉంటాయి, కస్టమ్స్‌లో ఆగుతాయి. టార్పాలిన్, దుప్పటి, గిన్నె అన్నీ ఇక్కడే చవకగా దొరుకుతాయి, ఇక్కడ కొంటే ఇక్కడి షాపువాడికీ పని దొరుకుతుంది. విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉన్న సంస్థ ద్వారా డబ్బు పంపండి. దాన్ని కూడా తుఫాను తర్వాత కాదు, మే, జూన్ నెలల్లో పంపండి. ఒక ఊరి షెల్టర్‌కి జనరేటరు, దాని ఏటా సర్వీసింగ్, నడిపేవాడికి ట్రైనింగ్ మీ పేరు మీద పెట్టుకుంటే అంతకన్నా ఉపయోగం ఇంకోటి లేదు. సర్వీసింగ్‌కి ఎవరూ డబ్బివ్వరు, అందుకే అవసరమైన రోజు జనరేటరు స్టార్ట్ అవదు.

ప్రశ్న: మండల కార్యాలయంలో పనిచేస్తాను. స్టాకు ముందే పెట్టమంటారు, వరద రాకపోతే ఎక్స్‌పైరీ అయిపోయిందని ఆడిట్‌లో మా మీద రాస్తారు. ఆ టెన్షన్‌తోనే ఎవరూ ముందుకు రారు. ఏం చెయ్యాలి?
– పేరు రాయొద్దని కోరిన పాఠకుడు

జవాబు: న్యాయమైన బాధ. ముందు స్టాకులో ఏవి నిజంగా చెడిపోతాయో విడదీయండి. వెయ్యిమందికి రోజుకి మనిషికి మూడు లీటర్ల చొప్పున నీళ్లంటే మూడు టన్నులు, 400 గ్రాముల బియ్యమంటే నాలుగు క్వింటాళ్లు. నీళ్లే అన్నిటికన్నా బరువు, అన్నిటికన్నా ముందు కావలసినవీ అవే. వాటిని సీసాల్లో నిల్వ పెట్టే ఆలోచన మానేస్తే సగం గొడవ పోతుంది. ప్యూర్టోరికోలో 2017 మారియా తుఫాను తర్వాత లక్షల కొద్దీ నీళ్ల సీసాలు ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద ఎండలో అలాగే మిగిలిపోయాయి, ఏడాది తర్వాత ఆ ఫొటోలు బయటికొచ్చాయి. సీసాల బదులు క్లోరిన్, ట్యాంకర్లు, ఆర్‌ఓ ప్లాంటుకి జనరేటరు కనెక్షన్ పెట్టుకోండి.

బియ్యం, పప్పు పౌరసరఫరాల మండల స్టాక్ పాయింట్‌లో నెలనెలా కదిలేదే, అందులో ఇంత భాగం ఎప్పుడూ తగ్గకుండా ఉంచాలని ఒక కనీస మట్టం ఆర్డరు తెచ్చుకుంటే చాలు, పాతది వెళ్తుంది, కొత్తది వస్తుంది. ఓఆర్‌ఎస్, మందులు పీహెచ్‌సీ స్టాకులో కలిపేసి ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు వాడమనండి. మిగతావాటికి సరుకు కొనకుండా రేటు మాత్రమే కొనుక్కోవచ్చు. ఊళ్లో కిరాణా హోల్‌సేలరు, టెంటు హౌస్, పాల డెయిరీ, పెట్రోలు బంకు, లారీ ఓనర్లతో వేసవిలోనే రేటు ఒప్పందం రాసుకుని, ఎవరి గోదాం ఎంత ఎత్తులో ఉందో కూడా అందులో రాయించండి, ఎందుకంటే బజారులో మునిగే షాపుతో ఒప్పందం ఉండీ లాభం లేదు. ఎమర్జెన్సీలో టెండరు లేకుండా కొనే వెసులుబాటు విపత్తు నిర్వహణ చట్టం 2005లో 50వ సెక్షన్ ఇస్తుంది, వాహనాలు, వనరులు స్వాధీనం చేసుకునే అధికారం 65వ సెక్షన్‌లో ఉంది. ఆడిట్‌లో ఎవరైనా అడిగితే ఈ రెండూ చూపించండి.

చివరిగా తాళాలు. గోదాం తాళంచెవులు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరూ వాగుకి ఒకే పక్క ఉండకూడదు, ఇద్దరి ఫోన్ నంబర్లూ గోదాం తలుపు మీద పెయింట్‌తో రాయించండి. ఫోన్లు పనిచెయ్యకపోతే ఎవరి అనుమతి లేకుండా తలుపు తెరవొచ్చో, తెరిచాక ఎవరు సాక్షి సంతకం పెట్టాలో కలెక్టరు గారి చేత ఒక పేజీ ఆర్డరు జూన్‌లోపు తెప్పించుకుని, దాని కాపీ సచివాలయంలో, షెల్టర్‌లో, రేషన్ డీలర్ దగ్గర ఒక్కోటి పెట్టండి.